ఊరి పన్నుతో పుట్టిన కాలేజీ

ఏటా ఏప్రిల్, మే నెలల్లో మన ఊరు చల్లపల్లి నుంచి నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. ఇంజనీరింగ్ పూర్తి చేస్తున్న పిల్లల తల్లిదండ్రులు చేస్తారు. అమెరికాలో చేర్చాలనుకున్న యూనివర్సిటీ ర్యాంకు ఎంత, ఫీజు ఎంత, బయట పని దొరుకుతుందా అని అడుగుతారు. చేరాక పాఠం అర్థం కాకపోతే ఎవరు చెప్తారు, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు, బెంగ పెట్టుకుంటే ఎవరితో చెప్పుకుంటాడు అని అడిగేవాళ్లు అరుదు. వాళ్లను తప్పుపట్టను. మన దగ్గర కాలేజీ అంటే సీటు. సీటు వచ్చాక మిగతాదంతా పిల్లవాడి తెలివి, తండ్రి జేబు, దేవుడి దయ.

అమెరికాలోనూ చాలాకాలం అంతే. అది ఎలా మారిందో తెలియాలంటే అధ్యక్షుల కథలూ యుద్ధాల కథలూ చాలవు. నేనుండే న్యూయార్క్‌లో సిటీ కాలేజీ అని ఒకటుంది. దాని కథ తెలిస్తే ఈ దేశం చరిత్రలో మనకు పనికొచ్చే భాగం చాలామటుకు తెలిసినట్టే.

బందరులో రాబర్ట్ నోబుల్ బడి పెట్టింది 1843లో. అదే మన నోబుల్ కాలేజీకి మొదలు. సరిగ్గా నాలుగేళ్లకు, 1847లో, న్యూయార్క్ ఓటర్ల ముందుకు ఒక ప్రశ్న వచ్చింది: నగరం తన పన్నుల డబ్బుతో ఒక ఉచిత కాలేజీ పెట్టాలా వద్దా? అప్పుడు ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువు. ఓడల నిండా జనం వచ్చి న్యూయార్క్ రేవులో దిగుతున్నారు. ఊళ్లో ఉన్న కాలేజీలు ఫీజు కట్టగలిగిన కుటుంబాలవి. టౌన్‌సెండ్ హ్యారిస్ అనే వ్యాపారి నగర విద్యామండలికి అధ్యక్షుడుగా ఉన్నాడు. తాను పెద్దగా చదువుకోలేదు. డబ్బున్నవాడి కొడుకూ లేనివాడి కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చోవాలని, వాళ్ల మధ్య తేడా అంటూ ఉంటే అది శ్రమలో, నడవడిలో, బుద్ధిలో మాత్రమే ఉండాలని వాదించాడు. కూలివాళ్ల పిల్లలకు కాలేజీ చదువెందుకని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. ఓటింగు జరిగింది. కావాలన్నవి 19 వేల పైచిలుకు ఓట్లు, వద్దన్నవి 3,409. 1849లో ఫ్రీ అకాడమీ పేరుతో తలుపులు తెరిచారు.

ఇక్కడ ఒక్క మాట. ఆ ఓట్లన్నీ మగవాళ్లవే. నల్లజాతి మగవాడు ఓటు వేయాలంటే 250 డాలర్ల ఆస్తి చూపించాలని ఆ రాష్ట్రపు నిబంధన. ఉచితం అన్నది మగపిల్లలకే, ఆడపిల్లల కాలేజీ 1870లో గాని రాలేదు. అమెరికా చరిత్రలో 'అందరికీ' అన్న మాట ఎక్కడ కనిపించినా, ఆ రోజుకి ఆ అందరూ ఎవరని అడిగి చదువుకోవాలి.

సిటీ కాలేజీగా మారిన ఆ ఫ్రీ అకాడమీ 1907లో హార్లెమ్ గుట్ట మీదికి మారింది. అప్పుడే నగరం కింద సబ్‌వే రైలు కోసం సొరంగాలు తవ్వారు. ఆ తవ్వకాల్లో బయటపడిన నల్లరాయితో కాలేజీ గోడలు కట్టారు. 1920ల్లో పెద్ద పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు యూదుల పిల్లల్ని లెక్కపెట్టి మరీ కొద్దిమందినే చేర్చుకునేవి. కుట్టుపని చేసి బతికే ఆ కుటుంబాల పిల్లలకు ఉన్నదల్లా ఈ కాలేజీయే. దీన్ని పేదల హార్వర్డ్ అన్నారు. పోలియో టీకా కనిపెట్టిన జోనస్ సాక్ 1934లో ఇక్కడ డిగ్రీ తీసుకున్నాడు. తర్వాత విదేశాంగ మంత్రి అయిన కాలిన్ పావెల్ 1958లో ఇక్కడ జియాలజీ చదివి బయటికొచ్చాడు. ఇంటెల్ కంపెనీని నడిపిన ఆండ్రూ గ్రోవ్ హంగరీ నుంచి శరణార్థిగా వచ్చి 1960లో ఇక్కడే కెమికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. 1961లో నగరంలోని ఇలాంటి కాలేజీలన్నీ కలిసి సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ అయ్యాయి. ఇక్కడి వాళ్లు క్యూనీ అంటారు. ఇప్పుడు దానికింద 25 కాలేజీలు, రెండు లక్షల పైచిలుకు విద్యార్థులు.

అయితే ఫీజు లేకపోయినా మార్కుల గేటు మాత్రం ఎత్తుగానే ఉంది. గుట్ట మీద కాలేజీ, గుట్ట చుట్టూ హార్లెమ్, అంటే నల్లజాతి పేట. ఆ పేట బడుల్లో చదువు అంతంతమాత్రం. మార్కులు చాలక అక్కడి పిల్లలు ఆ గేటు దాటలేకపోయేవారు. 1960ల మధ్యలో దీనికొక దారి వెతికారు. సీక్ అనే కార్యక్రమం 1966లో చట్టంగా వచ్చింది. మార్కులు తక్కువున్నా తెలివి ఉందని తోచిన పేద పిల్లల్ని తీసుకుని, చేతి ఖర్చుకి కొంత డబ్బు, పునాది పాఠాలు, ప్రతి ఒక్కరికీ ఒక సలహాదారు ఇచ్చారు. ఈ రోజు అమెరికన్ యూనివర్సిటీలు ఘనంగా చెప్పుకునే విద్యార్థి సహాయ సేవలకు ఇది తొలి నమూనాల్లో ఒకటి. ఏ కార్పొరేటు ఆలోచనో కాదు. నల్లజాతి శాసనసభ్యులు పట్టుబట్టి తెచ్చుకున్నది.

కానీ సీక్ చిన్నది. 1969 ఏప్రిల్ 22న నల్లజాతి, ప్యూర్టోరికో విద్యార్థులు సిటీ కాలేజీ దక్షిణ ఆవరణ గేట్లు మూసి లోపల కూర్చున్నారు. వాళ్లవి ఐదు డిమాండ్లు. నగరం బడుల్లో ఏ రంగు పిల్లలు ఎంతమంది ఉన్నారో కాలేజీలోనూ అంత నిష్పత్తి ఉండాలన్నది అందులో ఒకటి. రెండు వారాలు కాలేజీ స్తంభించింది. ఆ గొడవ ముగిశాక నగరం పెద్ద నిర్ణయం తీసుకుంది: 1970 నుంచి న్యూయార్క్‌లో హైస్కూలు పాసైన ప్రతి ఒక్కరికీ క్యూనీలో సీటు. ముందు ఏడాది కొత్తగా చేరినవాళ్లు సుమారు 20 వేలు. ఆ ఏడాది సుమారు 35 వేలు.

ప్రమాణాలు పడిపోయాయని పత్రికలు గోల పెట్టాయి. గోలలో కొంత నిజం ఉంది. కాలేజీకొచ్చిన పిల్లల్లో చాలామందికి ఒక పేరా సరిగా రాయడం రాదు. ఆ సమయంలో సిటీ కాలేజీలో మీనా షానెసీ అనే అధ్యాపకురాలు ఉండేది. అలాంటి పిల్లలు చేరేటప్పుడు స్థాయి చూడటానికి పెట్టిన పరీక్షలో రాసిన సుమారు నాలుగు వేల వ్యాసాలు ముందేసుకుని తప్పుల్ని చదివింది. దిద్దడానికి కాదు, ఎందుకు వస్తున్నాయో తెలుసుకోవడానికి. ప్రతి తప్పుకీ వెనక ఒక తర్కం ఉంటుందని, వీళ్లు మొద్దులు కారని, రాతకు కొత్తవాళ్లు మాత్రమేనని 1977లో పుస్తకం రాసింది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఇంగ్లిష్ పాఠానికి బిక్కచచ్చిపోయిన మన పిల్లల గురించి ఇంత శ్రద్ధగా రాసినవాళ్లు ఎవరున్నారా అని వెతుక్కుంటుంటాను.

ఆ అనుభవం ఈ దేశానికి నేర్పింది ఒకటే. బెజవాడలో బ్యారేజీ గేట్లెత్తి కాలువకు నీళ్లు వదిలామంటే సరిపోదు, దివిసీమ శివారు చేనుకి చేరాలి. సీటూ అంతే. చేర్చుకున్నవాళ్లకు పాఠం చెప్పేవాళ్లు, దారి చూపేవాళ్లు చాలినంత లేక చాలామంది మధ్యలోనే మానేశారు. మానకుండా నిలిచినవాళ్లు తమ ఇళ్లలో మొదటి డిగ్రీలు తెచ్చుకున్నారు. ఈ రెండూ నిజమే. ఒక్కటే చెప్పేవాళ్లను నేను నమ్మను.

ఇంతలో నగరం దివాలా అంచుకు చేరింది. 1976లో క్యూనీ జీతాలివ్వలేక రెండు వారాలు మూతపడింది. ఆ ఏడాదే ఫీజు పెట్టారు. అంతకుముందు 127 ఏళ్లు ఐరిష్, జర్మన్, యూదు పిల్లలు ఫీజు లేకుండా చదువుకున్నారు. నల్లజాతి, ప్యూర్టోరికో పిల్లలు పెద్దసంఖ్యలో చేరిన ఆరేళ్లకు ఉచితం పోయింది. ఖజానా ఖాళీ అయిన మాట నిజమే. కానీ 1930ల మహామాంద్యంలో కూడా ఈ ఊరు ఆ ఉచితాన్ని వదులుకోలేదని గుర్తుపెట్టుకోవాలి.

మన వైపు 1977 అంటే ఉప్పెన. నవంబరు 19 పేరు చెబితే దివిసీమలో ఇప్పటికీ గొంతులు మారతాయి. అదే ఏడాది ఏప్రిల్లో అమెరికాలో వికలాంగుల పోరాటం ఒకటి జరిగింది. దానికి నాయకురాలు జూడీ హ్యూమన్, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పెరిగిన పిల్ల. ఏడాదిన్నర వయసులో పోలియో సోకింది. సాక్ టీకా రావడానికి అప్పటికింకా ఆరేళ్లుంది. చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల వల్ల అగ్నిప్రమాదమప్పుడు ఇబ్బంది అని బడిలో చేర్చుకోలేదు. ఆమె పట్టుదలగా బ్రూక్లిన్‌లోని లాంగ్ ఐలండ్ యూనివర్సిటీలో డిగ్రీ చదివింది. మెట్ల దగ్గర ప్రతిసారీ ఎవరో ఒకరు కుర్చీ ఎత్తాల్సిందే. 1970లో నడవలేదన్న కారణంతో నగర విద్యామండలి టీచరు లైసెన్సు ఇవ్వనంది. కేసు వేసి లైసెన్సు తెచ్చుకుంది.

1973లో పునరావాస చట్టం వచ్చింది. అందులో 504 సెక్షన్‌ది ఒక్క వాక్యం: కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ సంస్థా వైకల్యం ఉందన్న కారణంతో ఎవరినీ దూరం పెట్టకూడదు. ఆ డబ్బు ముట్టని యూనివర్సిటీ దాదాపు లేదు కాబట్టి అన్నీ దాని కిందికే వస్తాయి. అయితే దాన్ని అమలుచేసే నిబంధనల మీద ప్రభుత్వాలు నాలుగేళ్లు సంతకం పెట్టలేదు. 1977 ఏప్రిల్ 5న వికలాంగులు ప్రభుత్వ కార్యాలయాల్లో బైఠాయించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వందమందికి పైగా మూడు వారాలు దాటినా కదల్లేదు. నల్లజాతి బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్లు రోజూ వేడి భోజనం మోసుకొచ్చారు. ఏప్రిల్ 28న మంత్రి సంతకం పెట్టాడు. 1990 వికలాంగుల చట్టం దీని మీద కట్టిన మేడే.

ఈ రోజు ఏ క్యూనీ కాలేజీకి వెళ్లినా వికలాంగుల సేవలకు ఒక ఆఫీసు ఉంటుంది. విద్యార్థి వైద్యుడి పత్రాలు అక్కడ ఇస్తాడు. ఆఫీసు అధ్యాపకుడికి ఒక ఉత్తరం ఇస్తుంది: ఈ విద్యార్థికి పరీక్షలో ఒకటిన్నర రెట్ల సమయం ఇవ్వండి, లేదా నోట్సు రాసిపెట్టే మనిషిని ఇవ్వండి, లేదా సంజ్ఞల భాష తెలిసినవాళ్లను పక్కన ఉంచండి అని. జబ్బు పేరు అందులో ఉండదు. అడగడానికి అధ్యాపకుడికి హక్కు లేదు. అయితే అడగాల్సింది విద్యార్థే. ఎవరూ వెతుక్కుంటూ రారు. అంతా బంగారమని అనుకోకండి. కాలేజీకి తీసుకెళ్లే సబ్‌వేలో స్టేషన్లు 472 ఉంటే, చక్రాల కుర్చీ వెళ్లగలిగేవి సుమారు మూడో వంతే. 2022లో కోర్టు కేసులు రాజీ అయ్యాక దాదాపు అన్నీ సరిచేస్తామని మాటిచ్చారు. గడువు 2055!

తల్లిదండ్రులకు ఇంకో సంగతి. 1974 నుంచి ఉన్న చట్టం ప్రకారం కాలేజీ విద్యార్థి మార్కులు అతని అనుమతి లేకుండా సాధారణంగా బయటివాళ్లకు చెప్పకూడదు, ఫీజు కట్టే నాన్నకైనా సరే. చల్లపల్లి నుంచి ఫోన్ చేసి మా వాడు ఎలా చదువుతున్నాడండీ అంటే మర్యాదగానే పెట్టేస్తారు. కౌన్సెలర్‌తో చెప్పుకున్నదీ అంతే. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప బయటికి రాదు. వీసాకి ఇబ్బంది అవుతుందేమోనన్న భయంతో మన పిల్లలు ఆ గడప తొక్కరు. ఆ భయం అక్కర్లేదని ఇంట్లోవాళ్లే చెప్పి పంపాలి.

ఇలాంటి సహాయం ఎంత పని చేస్తుందో క్యూనీ 2007లో మొదలుపెట్టిన అసాప్ అనే కార్యక్రమం చూపించింది. రెండేళ్ల కాలేజీల్లో చదివే పేద పిల్లలకు ఫీజులో తక్కువపడిన మొత్తం, పుస్తకాల సాయం, సబ్‌వే పాసు ఇచ్చి, తరచూ కలిసే సలహాదారుని పెట్టారు. లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పోల్చి చూశారు. మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు సాయం అందినవారిలో 40 శాతం, అందనివారిలో 22 శాతం. స్టూడెంట్ వీసా మీద వచ్చే మన పిల్లలకు ఈ డబ్బు సాయాలు రావు. ట్యూటరింగ్, కౌన్సెలింగ్, వికలాంగుల సేవలు మాత్రం వాళ్లకూ అంతే హక్కు.

మన రాష్ట్రంలో 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షలమందిని కాలేజీ గేటు దాటించింది. అది చిన్న విషయమేం కాదు. కానీ గేటు దాటాక ఏముందన్న లెక్క ఇంకా ఎవరూ అడగడం లేదు. బందరు దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికే కోర్టుకెళ్లాల్సి వచ్చింది. ఇంటర్లో 98 శాతం తెచ్చుకున్నాడు. అమెరికాలోని ఎమ్.ఐ.టి. తలుపు తీసింది. చదువు ముగించి తిరిగెళ్లి పరిశ్రమ పెట్టాడు. ఆ పిల్లవాడికి మన జిల్లాలోనే జరగాల్సింది బోస్టన్ పక్కన జరిగింది. అది అమెరికా గొప్ప అని మురిసిపోయే సంగతి కాదు.

మనకూ చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వికలాంగులకు కేటాయించమంది. నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో ప్రజల కోసం ఉన్న భవనాలన్నీ వికలాంగులకు అనువుగా మార్చమంది. నిబంధనలు 2017లో వచ్చాయి. ఆ గడువు దాటి చాలాకాలమైంది.

2014 నవంబరు నుంచి తెల్లవారుజామున లేచి తమ రోడ్లు తామే ఊడ్చుకుంటున్న ఊరు మనది. స్వచ్ఛ చల్లపల్లి ఎవరో వచ్చి చేసిపెట్టింది కాదు. అదే ఊరి పెద్దల్ని అడుగుతున్నాను: ఈ జూన్‌లో పిల్లల్ని ఏ కాలేజీలో చేర్చినా, ఫీజు కట్టే ముందు మెట్ల పక్కన ర్యాంపు ఉందా, వెనకబడినవాడికి విడిగా పాఠం చెప్పేవాళ్లున్నారా, పిల్లలు మనసు విప్పి మాట్లాడటానికి ఒక మనిషి ఉన్నాడా అని ప్రిన్సిపాల్‌ను అడగండి. నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి, కింద పదిమంది సంతకాలు పెట్టి ఇవ్వండి.