మొగల్తూరు పనుల పట్టీ ఎవరు రాశారు?

మొగల్తూరు గోదావరి పశ్చిమ డెల్టాకి కొస. కాలువ నీళ్లు ఎగువ ఊళ్లన్నీ తడిపాకే ఇక్కడికి వస్తాయి. ఆపైన పేరుపాలెం, సముద్రం. ఇలాంటి శివారు ఊళ్లో ఏ పనీ ఒక్కడి ఇష్టంతో మొదలవదు. పైన లాకు ఎత్తితేనే కింద నారుమడి తడుస్తుంది. అందుకే పనులకి వరస పెట్టుకునే విద్య ఇక్కడ చాలా పాతది. ఈ రోజు ఫోనులో టుడూయిస్ట్ అనే పనుల యాప్ తెరిచి రేపటి పనులు రాసుకునే కుర్రవాడు ఆ విద్యకి కొత్త వారసుడు. వెనక్కి తిరిగి చూస్తే నన్ను ఆపేది ఒకే ప్రశ్న: పని చేసేది ఒకరు, పట్టీ రాసేది ఇంకొకరుగా ఎన్నాళ్లు నడిచింది?

మొదటి పట్టీ ఎవరూ రాయనిది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. మే చివర్లో రోహిణి, జూన్ రెండో వారంలో మృగశిర, ఆ వెనక ఆరుద్ర. ఏ కార్తెలో దుక్కి దున్నాలో, ఎప్పుడు నారు పోయాలో పాలేరుకీ తెలుసు, కామందుకీ తెలుసు. వాన రాకపోతే పని దానంతటదే వెనక్కి జరిగేది, తప్పిన గడువంటూ ఎవరినీ నిలదీసేది కాదు. అది ఊరందరి సొత్తు.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టాక ఆ కార్తెల కాలానికి కొత్త లెక్క వచ్చి చేరింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకి అడ్డంగా కట్టాలి, అదీ నదిలో నీరు తగ్గిన నెలల్లోనే. వరద వచ్చేలోగా ఎంత రాయి పడాలి, ఏ పాయ ముందు, ఏది వెనక అన్నది తప్పితే ఏడాది కష్టం కొట్టుకుపోతుంది. వీణెం వీరన్న లాంటి వాళ్లు దగ్గరుండి కూలీలని నడిపారు. 1852కి పని పూర్తయింది. ఆ తర్వాత వేసవిలో కాలువ కట్టేసిన రోజుల్లోనే పూడికలు తీయడం, లాకులు బాగుచేయడం డెల్టాకి ఆనవాయితీ అయింది. ఇలా పనుల వరసని గీతల్లో చూపే హెన్రీ గాంట్ పటాలు ఆ తర్వాతివి, 1910ల నాటివి. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆగుతుందో లెక్కగట్టే పద్ధతిని డ్యూపాంట్ కంపెనీ 1957లో, అమెరికా నౌకాదళం 1958లో తీర్చిదిద్దుకున్నాయి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఒక పని నుంచి ఇంకో పనికి గీసే గీత ఆ పద్ధతిదే. డెల్టా రైతుకి ఆ గీత కళ్లెదుటి కాలువే.

రాసిన పట్టీ మాత్రం రైతు చేతిలో లేదు. మొగల్తూరు కలిదిండి రాజుల జమీందారీ. తాటాకు కవిలెల కాలం నుంచి కాగితపు అడంగళ్ల దాకా ఎవరి చేలో ఏం పండింది, ఎవరెంత కట్టాలి అన్నది కరణం ఇంట్లోనే ఉండేది. జులై 1న ఫసలీ ఏడాది మారేది, పుస్తకం మారేది, చేయి మారేది కాదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల వ్యవస్థని రద్దు చేసేదాకా అంతే. ఈ ఊరి కృష్ణంరాజు, చిరంజీవిల సినిమా రంగంలోనూ రోజుల లెక్క కాల్‌షీట్ల పుస్తకంలో మేనేజర్లు రాసిందే.

అయితే అసలు పట్టీకే ఎక్కని పని ఒకటుంది. నర్సాపురానికి 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చిన లేసు అల్లిక చుట్టుపక్కల పల్లెల ఇళ్లలోకి చేరింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, ఇన్నాళ్లకి ఇన్ని అల్లి ఇవ్వాలంటాడు. దారం లెక్క అతని పుస్తకంలో ఉంటుంది. పొయ్యి, పిల్లలు, పశువుల మేత, మధ్యలో చిక్కిన వేళల్లో క్రోషే సూది: ఈ వరస మాత్రం అల్లే ఆవిడ బుర్రలోనే. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఈ ఆడవాళ్ల మీద పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న వాళ్లని వట్టి గృహిణులుగా, వాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కేయడాన్ని ఆమె ఎండగట్టారు. డెల్టాలో అన్నిటికన్నా చిక్కైన పనుల నిర్వహణ ఆ ఇళ్లలోనే జరిగిందని నా నమ్మకం. ఆనకట్టకి ఇంజనీర్లున్నారు, లేసు అల్లే ఆవిడకి సాయం లేదు, సెలవు లేదు, రాసిన ముక్క లేదు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ఆడవాళ్ల పని గంటలకి లెక్క ఇంకా దక్కలేదు.

1990లలో వరిచేలు రొయ్యల చెరువులవడం మొదలైంది. టైగర్ రొయ్య డబ్బు తెచ్చింది, తెల్లమచ్చ రోగం తుడిచిపెట్టింది. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక చెరువు గట్టు మీదికి ఒక నోటుపుస్తకం చేరింది: సీడ్ వదిలి ఎన్నో రోజు, పూటపూటకీ మేత ఎంత, చెక్‌ట్రేలో ఎంత మిగిలింది, ఏరియేటర్లు ఎప్పుడు వేశారు, కౌంటు ఎంత. అమావాస్య, పౌర్ణమి దగ్గర పడితే రొయ్య గుల్ల విడుస్తుందని మేత తగ్గిస్తారు. కార్తెలు పోయినా చంద్రుడు ఈ పట్టీలో మిగిలాడు. రాసేది కాపలా కుర్రాడు, చూసేది యజమాని.

ఎవరి పట్టీ వాళ్లే రాసుకునే అలవాటు ఆ మధ్యనే కంప్యూటర్లతో విస్తరించింది. డేవిడ్ అలెన్ 2001లో పనుల నిర్వహణ మీద రాసిన పుస్తకంలో బుర్రలో ఉన్నదంతా బయట పెట్టమన్నాడు, తర్వాతి అడుగేదో ముందే తేల్చుకోమన్నాడు. 2005లో రిమెంబర్ ది మిల్క్, 2007లో టుడూయిస్ట్, 2011లో ట్రెల్లో యాప్‌లు వచ్చాయి. వండర్‌లిస్ట్‌ని 2015లో మైక్రోసాఫ్ట్ కొంది, 2020లో మూసేసింది. అందులో రాసుకున్న వాళ్లు తమ పట్టీని వేరే యాప్‌కి మార్చుకోవాల్సి వచ్చింది. కరణం ఇంట్లో ఉన్న అడంగలుకీ దూరదేశపు సర్వర్‌లో ఉన్న జాబితాకీ ఈ ఒక్క విషయంలో తేడా నాకు కనబడదు.

అందుకే నాకు ఆర్గ్-మోడ్ అంటే గౌరవం. కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 2003లో ఈమాక్స్ ఎడిటర్ కోసం రాశాడు. మన పనులు మన కంప్యూటర్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంటాయి, యూనికోడ్ తెలుగులో రాసుకోవచ్చు. ఈమాక్స్ క్యాలెండర్‌కి చంద్రకళలు తెలుసు, వాటిని పనుల పట్టీలోకి తెచ్చుకోవచ్చు. ఆ క్యాలెండర్‌ని రాసిన ఎడ్వర్డ్ రైన్‌గోల్డ్, నాచుమ్ డెర్షోవిట్జ్‌తో కలిసి 1997లో ప్రచురించిన గ్రంథంలో హిందూ పంచాంగ గణితం కూడా ఉంది. కానీ ఆర్గ్-మోడ్ మామూలు మనిషికి కొరుకుడు పడని పనిముట్టు. చేతికి అందే ఫోను యాప్‌లలో ప్రతి సోమవారం అని పెట్టుకోవచ్చు, ప్రతి అమావాస్యకి రెండు రోజుల ముందు అని పెట్టుకునే వీలు నేను చూసిన వాటిలో లేదు. కాలువ వదిలాక అనే మాట వాటికి తెలియనే తెలియదు. గణితం సిద్ధంగా ఉంది, లిపి సిద్ధంగా ఉంది. హైదరాబాదులో, విశాఖలో యాప్‌లు రాసే మన పిల్లలు తిథిని, కాలువ నీటిని గడువులుగా చేరిస్తే, మేత తగ్గించే రోజూ లేసు అప్పజెప్పే రోజూ ఒకే పట్టీలో, మొగల్తూరు ఇల్లాలు తనే రాసుకుంటుంది.