గోల్కొండ్, ఆర్ట్స్ కళాశాల: 1930ల దక్షిణ భారత కట్టడాల్లో అలంకారం

ఆధునిక వాస్తుశిల్ప చరిత్రను అలంకారం మెల్లమెల్లగా తొలగిపోయిన కథగా చెప్పడం వాడుక. పంతొమ్మిదో శతాబ్దం చివర బ్రస్సెల్స్‌లో విక్టర్ ఓర్టా ఇనుమును లతలా వంచి మెట్ల కటకటాలు చేయించాడు. 1925 పారిస్ ప్రదర్శనతో ఆర్ట్ డెకో లోకమంతా పాకింది. అదే దశకంలో జర్మనీలోని బౌహౌస్ తెల్లగోడ, గాజు, ఉక్కు చాలునంది. చివరికి ఆ మాటే నెగ్గిందని పాఠ్యగ్రంథాలు ముగిస్తాయి. 1930ల నాటి రెండు దక్షిణ భారత కట్టడాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వరస నిలవదు. ఒకటి హైదరాబాదులోని ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల, రెండోది పుదుచ్చేరిలో అరవిందాశ్రమం కట్టించిన గోల్కొండ్ వసతి గృహం. మొదటిది అలంకారం నిండిన పాతకాలపు పోకడ, రెండోది అలంకారం వదిలేసిన ఆధునికత అనేది అలవాటైన తీర్పు. గోల్కొండ్‌లో అలంకారం పోలేదని, గోడ మీది చెక్కడంలోంచి తయారీలోకి, మనిషి చెయ్యి తగిలే భాగాల్లోకి మారిందని నా వాదన.

ఈ రెండింటినీ కలిపి చూడడానికి కారణం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు ముఖ్యంగా పాటుపడినవాళ్లలో ఒకరు, నిజాం ప్రభుత్వంలో ఉన్నత పదవులు నిర్వహించిన సర్ అక్బర్ హైదరీ. పుదుచ్చేరి కట్టడానికి నిజాం ప్రభుత్వ విరాళం అందేలా చూసిందీ ఆయనే. ఆ కృతజ్ఞతతోనే ఆశ్రమ మాత దానికి గోల్కొండ పేరు పెట్టారు. అంటే ఒకే ఖజానా, దాదాపు ఒకే కాలంలో, అలంకారం విషయంలో రెండు విరుద్ధ రూపాలకు ఊతమిచ్చింది. ఆర్ట్స్ కళాశాలకు 1934లో శంకుస్థాపన జరిగింది, 1939లో ప్రారంభోత్సవం జరిగింది. రూపకర్త ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం దేశస్థుడు, అంతకుముందు ఈజిప్టులో పనిచేసినవాడు. వాస్తుశిల్పులు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా విదేశీ విశ్వవిద్యాలయాలు తిరిగి చూసి వచ్చాక ఆయనను ఎంచుకున్నారు. గులాబీ ఛాయ గ్రానైటులో ఎత్తైన ముఖద్వారపు కమాను పశ్చిమాసియా కట్టడాలను తలపిస్తే, లోపలి స్తంభాలు అజంతా, ఎల్లోరా గుహాలయాలను గుర్తుచేస్తాయి. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పే కొత్త సంస్థ, దక్కనులో కలిసిన పరంపరలన్నీ తనవేనని రాతిలో ప్రకటించుకుంది. దీన్ని గతం మీది మోజు అనలేం. ఆధునిక ప్రభుత్వం తన ప్రజలకు తన రూపాన్ని చెప్పుకోవడానికి అలంకారాన్ని సాధనం చేసుకుంది. అయితే ఇక్కడ అలంకారం చేసే పని చూపించడమే. దూరం నుంచి చదవగలిగే సంకేతం అది.

గోల్కొండ్ సంగతి వేరు. దాని రూపకర్త ఆంటొనిన్ రేమండ్ చెక్ దేశంలో పుట్టి, అమెరికా వెళ్లి, ఫ్రాంక్ లాయిడ్ రైట్‌తో ఇంపీరియల్ హోటల్ పనికి టోక్యో చేరి, అక్కడే సొంత కార్యాలయం పెట్టుకున్నవాడు. స్థలంలో పని చూసినవాళ్లు జార్జ్ నకాషిమా, ఫ్రాంటిషెక్ సామర్. సామర్ అంతకుముందు ఆధునిక వాస్తుశిల్పి లె కార్బూజియే దగ్గర పనిచేశాడు. కాంక్రీటు ఉన్నదున్నట్టుగా కనిపించే ఈ కట్టడంలో ఉత్తర, దక్షిణ ముఖాల్లో గోడ, కిటికీ ఉండాల్సిన చోట నిలువెల్లా అడ్డరెక్కలు ఉన్నాయి. లోపలున్నవాళ్లు వాటిని తిప్పి గాలినీ వెలుతురునూ కావలసినంత రానిస్తారు. నడవ ఉత్తరాన, గదులు దక్షిణాన. మధ్య జరిపే టేకు తలుపుల్లో చెక్కపట్టీల సందుల గుండా గాలి ఆడుతుంది, చాటూ దక్కుతుంది. పైకప్పు స్లాబు మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు పరిచి నడుమ గాలికి ఖాళీ వదిలారు. నేల నల్లని కడప రాయి, నున్నగా సానపట్టింది. భక్తులు ఇచ్చిన పాత ఇత్తడి గిన్నెలను కరిగించి అక్కడే పిడులు, బిగింపులు పోతపోశారు. పనిలో ఎక్కువ భాగం ఆశ్రమవాసులే నేర్చుకుంటూ చేశారు. నెలల్లో తేలుతుందనుకున్నది ఏళ్ల తరబడి సాగింది, నడుమ యుద్ధం కూడా వచ్చింది.

వియన్నాలో వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ అలంకారాన్ని నేరంతో సమానం చేస్తూ చెప్పిన ప్రధాన కారణం శ్రమ: నగిషీ మీద పోయే గంటలు పనివాడి జీవితంలోంచి వృథాగా పోతున్నాయని. నైతికంగా అది బలమైన మాటే. కానీ గోల్కొండ్‌లో నగిషీ లేకపోవడం ఒక్క గంటనూ ఆదా చేయలేదు. కాంక్రీటు అచ్చు విప్పాక పూత దాచిపెట్టదు కనుక అచ్చుచెక్కను ముందే తప్పులేకుండా అమర్చాలి; వరుసలో ఒక రెక్క వంకరపోతే ముఖభాగమంతా చెడుతుంది. ఉలి మీద పోయే శ్రద్ధ ఇక్కడ కొలత మీద, కూర్పు మీద పోయింది. లూస్ తానే మిఖాయెలర్‌ప్లాట్జ్ కట్టడంలో చారల పాలరాతిని విరివిగా వాడాడు. చెక్కడం మాని, రాతి గీతలకే ఆ చోటిచ్చాడు. సాదాతనం పొదుపు అనే సూత్రం ఆయన చేతిలోనే నిలవలేదు.

రెక్క గాలి కోసం, పిడి పట్టుకోవడానికి, ఉపయోగం ఉన్నదాన్ని అలంకారం అనడం తప్పు కదా అనవచ్చు. ఇది బరువైన ఆక్షేపణే. గాలి రావడానికి రెక్క చాలు. అన్ని అంతస్తుల్లో ఒకే లయ కుదరడానికి మాత్రం అదనపు శ్రద్ధ కావాలి. నడవడానికి రాయి చాలు. వెలుగు ప్రతిఫలించేలా సానపట్టడం నడకకు అక్కర్లేదు. ఆ మిగులు ఎక్కడుందో అక్కడ అలంకారం ఉంది, దానికి ఆకూ పువ్వూ కావలసిన పనిలేదు. ఇక కూలి లెక్క, గడువు లేని ఆశ్రమం అపవాదమే గనుక దాన్నిబట్టి ఆధునిక వాస్తు ఉద్యమం గురించి చెప్పలేమనే మాటను కొంతవరకు ఒప్పుకుంటాను: ఇలాంటి పని మార్కెట్టులో తిరిగి చేయడం కష్టం. అయితే అపవాదం అసలు నియమాన్నే ప్రశ్నకు నిలబెడుతుంది. ఆధునికత యంత్రం నుంచే పుట్టిందనేది నియమమైతే, ఇంత పూర్తిగా ఆధునికమైన కట్టడం ఇంతగా చేతిపని మీద ఆధారపడి ఎలా సాధ్యమైంది? నకాషిమా తరువాత అమెరికాలో చెక్క సామాను తయారీకే జీవితం అంకితం చేయడాన్ని నేను యాదృచ్ఛికం అనుకోను.

జపాను అనుభవాన్ని తెచ్చి ఇక్కడ నాటారనే మాట కూడా ఉంది. జరిపే తలుపుల్లో ఆ జాడ స్పష్టమే. రూపం అరువే కావచ్చు, దాన్ని పరీక్షించింది మాత్రం పుదుచ్చేరి ఉక్కపోత. 1950లలో చండీగఢ్‌లో కార్బూజియే ఎండ ఆపడానికి నిలిపిన కాంక్రీటు తెరలు కదలవు. పగలంతా వేడి పీల్చి రాత్రి వదులుతాయి. చూపుకు అవి గంభీరమైన శిల్పమే, నివాసికి మాత్రం వాటి మీద అదుపు లేదు. గోల్కొండ్ రెక్క పూటపూటకూ మారుతుంది, దాని ముఖం ఎలా కనబడాలో లోపలి మనిషి నిర్ణయిస్తాడు. నా దృష్టిలో 1930ల అలంకార చరిత్రలో ఇదే అతి ముఖ్యమైన మార్పు.

పరిరక్షణకు దీనితో నేరుగా సంబంధం ఉంది. ఆర్ట్స్ కళాశాల రాతిని కాపాడితే దాని అలంకారం చాలావరకు నిలుస్తుంది, ఎందుకంటే అది రాతి మీదే ఉంది. గోల్కొండ్‌కు అది చాలదు. రెక్కలను బిగించి గదుల్లో ఏసీలు పెడితే బయటి రూపం చెక్కుచెదరదు, ఫొటోలో తేడా కనిపించదు, కాని కట్టడం చెడిపోయినట్టే. ముఖభాగాలనే వారసత్వంగా నమోదుచేసే మన పద్ధతులు ఈ నష్టాన్ని పట్టుకోలేవు. తిరిగే కీలు, పోతపోసిన పిడి, సానపట్టే పద్ధతి, వాటిని బాగుచేయగల పనివాళ్ల నేర్పు కూడా ఆ పట్టికలోకి రావాలి.