వాగులో గంపలు

గోదారి ప్రాజెక్టు ముంపులో పోయిన మన ఊళ్ల జ్ఞాపకంగా మన కాలనీ పిల్లలు వేసిన సంచిక చదివాను. గుడి ఎక్కడ, రేవు ఎక్కడ, చింతలకింద ఎవరి ఇల్లు, అన్నీ శ్రద్ధగా రాశారు. వాళ్ల కష్టానికి దండం పెట్టాలి. కానీ తిండి గురించి రాసిన చోట మనవాళ్లు కరువొస్తే టెంకలూ విషపు దుంపలూ తిని బతికేవాళ్లని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యాన్ని నేను ఒప్పుకోను. కొయిద, కట్కూరు, పేరంటపల్లి గట్టున పెరిగిన పెద్దవాళ్లెవరూ ఒప్పుకోరు.

కరువుకి తినేదైతే కరువొచ్చినప్పుడే ఏరుకునేవాళ్లం. మనిళ్లలో మామిడి టెంకలు ఏటా ఏరేవాళ్లు, పంట బాగా పండిన ఏడు కూడా. పండు తిన్నాక టెంక పారేస్తే మా పెద్దమ్మ ఊరుకునేది కాదు. ఎండలో పోసి, గలగలమనేదాకా ఆరనిచ్చి, పగలగొట్టి, లోపలి జీడి తీసేది. ఆ జీడి వగరుకి నాలుక మొద్దుబారుతుంది. అందుకని గంపలో పోసి, పైన ఆకులు కప్పి, కొట్టుకుపోకుండా రాయి పెట్టి వాగులో దించేవాళ్లు. వగరంతా నీళ్లతో పోయాక తీసి, మళ్లీ కరకరలాడేలా ఎండబెట్టి దంచితే పిండి. పోడు చేలో గింజ ఇంకా పాలుపోసుకోని ఆషాఢ శ్రావణాల్లో ఆ పిండితోనే అంబలి. ఇది ముందుచూపుతో కట్టుకున్న నిలవ. పక్క పల్లపు ఊళ్లలో గాదె నింపుకుంటే దాన్ని వ్యవసాయం అన్నారు, మనం అటక నింపుకుంటే కరువు అన్నారు.

మన గట్టు నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో, 1941లో, మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ కొండల్లో తిరిగాడు. 1945లో మన కొండరెడ్ల మీద పుస్తకం వేశాడు. కలప, వెదురు వ్యాపారులు అప్పుల పేరుతో మనవాళ్లను ఎట్లా కట్టిపడేశారో ఉన్నదున్నట్టు రాసినందుకు ఆయనంటే నాకు గౌరవం. టెంకలూ, జీలుగు మానులోని పిండీ, అడవి దుంపలూ ఆయన కళ్లబడ్డాయి. ఆయన తర్వాత రాసినవాళ్లు మాత్రం ఆ తిండిని పేదరికానికి గుర్తుగానే చూపించుకుంటూ పోయారు. ఆ పని వెనకాల ఎంత తెలివి ఉందో అడిగినవాళ్లు తక్కువ.

పులిదుంపనే తీసుకోండి. తీగకి ముళ్లు, కాడకి మూడేసి ఆకులు, దుంప పైపైనే దొరుకుతుంది. తవ్వడం తేలిక, తినడమే ప్రమాదం. అందులో డయాస్కోరిన్ అనే విషం ఉంది. అది నరాల మీద పనిచేస్తుంది, మూర్ఛలొస్తాయి, ప్రాణం కూడా పోతుంది. ఐదాకుల దుంప తీగ కూడా ముళ్లదే, ఒక్కోసారి అదీ మూడాకులే వేస్తుంది. అది మంచి దుంప. ఈ రెంటినీ కాగితం మీద బొమ్మ చూసి విడదీయలేం. అందుకే పిల్లలు ఒంటరిగా దుంపకి వెళ్లకూడదన్నది ఇంటింటా కట్టడి. తెచ్చిన పులిదుంపని చెక్కు తీసి, పలచగా చక్రాల్లా కోసి, బూడిద పట్టించి, ఉడకబెట్టి, గంపకెత్తి పారే నీళ్లలో రోజుల తరబడి ఉంచేవాళ్లు. ఆ విషం నీళ్లలో కరుగుతుంది కాబట్టి కొత్త నీరు వస్తూ పాత నీరు పోతూ ఉంటేనే దుంపలోంచి దిగిపోతుంది. ఎప్పుడు తీయాలో చెప్పే పెత్తనం ముసలమ్మలది. సందేహమొస్తే మొత్తం పారబోసేవాళ్లు, ఆకలిగా ఉన్నా సరే. నేను రాసింది చదివి ఎవరూ చేయబూనకండి. ఇది పక్కన నిలబడి, ఏళ్లపాటు చూసి నేర్చుకునే పని.

ఇక టెంకే విషమనే మాట. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో ఇరవై మందికి పైగా గిరిజనులు చనిపోయారు. టెంక అంబలే చంపిందని అక్కడి ప్రభుత్వం అంది, ఆకలే చంపిందని మిగతావాళ్లు వాదించారు. అప్పట్నుంచి మనవైపు కూడా వానాకాలంలో ఎవరికి వాంతులైనా ముందు టెంకనే తప్పుపడుతున్నారు. కడిగి, ఎండబెట్టి, పొడిగా దాచిన జీడి చంపదు. తడి తగిలి బూజుపట్టిన జీడి చంపగలదు. ఈ తేడా మా పెద్దమ్మకి తెలుసు. అందుకే ఆవిడ పిండి కుండని పొయ్యి పైనున్న అటక మీదే ఉంచేది, పొగకీ సెగకీ చెమ్మ చేరదని. బూజు వాసన తగిలిన పిండి పశువుకి కూడా పెట్టనిచ్చేది కాదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఈ విద్యలో సగం మనుషుల చేతుల్లో ఉంటే, మిగతా సగం వాగులో ఉంది. జంగారెడ్డిగూడెం వైపు పునరావాస కాలనీలకి వచ్చాక కొందరు ఆడవాళ్లు టెంకల్ని ప్లాస్టిక్ టబ్బులో నానబెట్టడం నేను చూశాను. కుళాయి వచ్చేది కాసేపు. నిలవనీళ్లలో వగరు పూర్తిగా దిగదు, నీళ్లు పులుస్తాయి, ఆరబెట్టడానికి డాబా మీద చోటుకి వంతులు. అట్లాంటి పిండి తిని ఎవరికన్నా జబ్బు చేస్తే దాన్ని అడవివాళ్ల అజ్ఞానం అంటారు. ఇది చెప్తున్నప్పుడు నాకు కోపం వస్తుంది, దాచుకోను. ముంపు లెక్కల్లో ఇళ్లు రాశారు, మామిడి చెట్లూ చింత చెట్లూ రాశారు. ఊరంతా గంపలు దించుకున్న వాగుకి ఏ కాలమ్‌లోనూ చోటు లేకపోయింది. గోదారి ఎదురుతన్ని నిలిచాక గంపలు దించిన ఆ బండ మీద ఇప్పుడు ఎన్ని బారల నీళ్లున్నాయో పడవవాళ్లు చెప్పాలి.

సంచిక మళ్లీ అచ్చేస్తామంటున్నారు కాబట్టి రెండు మాటలు అడుగుతున్నాను. ఆ కరువు వాక్యం తీసేయండి. వాగు బండ ఎక్కడుండేదో, ఏ ఇంటివాళ్లు గంప ఎక్కడ దించేవాళ్లో ముసలమ్మల్ని కూర్చోబెట్టి పటం గీయించండి. రేవుకి ఒక పేజీ ఇచ్చారు, గుడికి రెండిచ్చారు. వాగుకి కనీసం ఒక పేజీ ఇవ్వండి.