వాము, అజమోద, ఖురాసాని వాము

సంక్రాంతికి సకినములు చుట్టు దినములలో ఇందూరు సీమయందు వాము లేని యిల్లుండదు. బియ్యపు పిండిలో నువ్వులతో గలియు నా గింజ రుచికొఱకే కాదు, అరుగుదలకొఱకును. బాలింతల పథ్యమున నది ముందుండును. కడుపుబ్బిన బిడ్డకు వామునీరే తల్లులకు మొదట తోచు మందు. ఇంత పరిచితమైన వస్తువు పేరు ఎంత చిక్కుపడి యున్నదో చెప్పుట మా యుద్దేశము.

చరకుడు జఠరాగ్నిని రగుల్కొల్పు దీపనీయ ద్రవ్యములు పదింటిలో అజమోదను చేర్చెను. అమరసింహుడు అజమోదను, యవానికను ఒక్కచోటనే పర్యాయపదములుగా నిచ్చెను. నిఘంటుకారునకు రెండును ఘాటైన చిన్న గింజలే. వైద్యునకు అట్లు చెల్లదు. 16వ శతాబ్దివాడైన భావమిశ్రుడు యవానిని, అజమోదను, పారసీక యవానిని వేఱువేఱుగ వర్ణించెను. యవాని మన వాము. అజమోద యను పేరు నేడు సెలరీ గింజలకును, దాని జ్ఞాతులైన ఒకటి రెండు మొక్కల గింజలకును చెల్లుచున్నది. సెలరీ మన దేశమున ముఖ్యముగ పంజాబులో పండును. మూడవదానిని మూలికలమ్ము దుకాణములలో ఖురాసాని వామందురు. పేరున వామే గాని కులమున నది ఉమ్మెత్తకు చుట్టము, విషము. నోరెండుట, కంటిపాపలు పెద్దవగుట, మతి చలించి ప్రలాపించుట దాని లక్షణములు. ఇందూరు నిజామాబాదైనను ఊరు మారలేదు. ఇక్కడ పేరు నిలిచి వస్తువు మారుచున్నది!

వాము కథలో మఱియొక యధ్యాయము గలదు. 1931లో నిజాంసాగరము పూర్తియై, 1937లో బోధనున చక్కెర కర్మాగారము స్థాపితమైన పిదప, చెఱకు మళ్ళ తడిలో ఉత్తకాళ్ళతో దిగువారు పెరిగిరి. మలముచే చెడిన తడినేల యందే కొంకిపురుగు పిల్ల పొంచియుండి పాదముల చర్మమును తొలుచుకొని లోని కేగును. ఆ పురుగునకు ఒకప్పుడు పెక్కు దేశములలో నిచ్చిన మందు థైమోల్. అది వాము నూనెనుండి తీయబడునది. 1914 వఱకు మన వాము జర్మనీకి పోయి యచ్చట థైమోల్ అగుచుండెను. యుద్ధముతో ఆ దారి మూసికొనిపోయెను. పురుగును చంపు మోతాదు రోగినే పడగొట్టగలదు గావున, మేలైన మందులు దొరికిన కొలది వైద్యులు దానిని విడిచిరి. చిటికెడు వాముతో పురుగులు పోవునను నమ్మకము ఈ చరిత్రలో సగమే.

బోధను కర్మాగారము 2015లో మూతపడినది. ఆ సంవత్సరముననే బడిపిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలను ఉచితముగ నిచ్చు కార్యక్రమము దేశమున ఆరంభమైనది. “మా యింట వాము వేయుచున్నాము” అని ఆ మాత్రను వలదను తల్లిదండ్రులను మేమెఱుగుదుము. చదువుకొన్నవారును అందున్నారు.

వామును అరచేత నలిపిన ఘాటు గుప్పున లేచును. ఖురాసాని వాము గింజ మూత్రపిండమువలె వంగియుండును. నలిపిన నా ఘాటు రాదు. సెలరీ గింజ వాముకంటె సన్నము. గర్భవతులకు దానిని మందుగా నీయరాదని వైద్యులు చెప్పుదురు.