తపాలా బిళ్ళపై బొమ్మ ఎంపిక: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత చరిత్ర

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హైదరాబాదు సంస్థానంలో మొదట ఎలగందల జిల్లా కింద, 1905 తర్వాత కరీంనగర్ జిల్లా కింద ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణతో మొదటి రెండూ జగిత్యాల జిల్లాలోకి, మూడోది రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చాయి. ఉత్తరం మీద అంటించే బిళ్ళకు బొమ్మ ఏదో తేల్చింది మాత్రం ఒకప్పుడు హైదరాబాదు, ఆ తర్వాత ఢిల్లీ.

నిజాం ప్రభుత్వం తన మొదటి తపాలా బిళ్ళను 1869లో వేసింది. 1871 నాటి బిళ్ళల మీద పారశీకం, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ అక్షరాలూ కనిపిస్తాయి. పాలకుడి ముఖం మాత్రం ఉండదు. బ్రిటిష్ ఇండియా బిళ్ళలన్నిటా రాజో రాణో దర్శనమిస్తున్న కాలంలో ఏడో నిజాం తన రజతోత్సవానికి సైతం కట్టడాలనే ఎంచుకున్నాడు: 1937 బిళ్ళల మీద ఉస్మానియా ఆస్పత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. అంతకు ముందు, 1931 వరుసలో ఒక అణా బిళ్ళకు చార్మినార్, రెండణాలకు హైకోర్టు, నాలుగణాలకు ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాలకు అజంతా దక్కాయి. తెలంగాణ జిల్లాల వంతు 1947లో వచ్చింది. ఆ ఏడు మూడణాల బిళ్ళ మీద వరంగల్లు కోటలోని కాకతీయ తోరణం అచ్చయింది. జగిత్యాల నక్షత్రాకారపు కోట ఆ వరుసల్లో లేదు. 1950లో సంస్థానపు బిళ్ళలు పోయి భారత ప్రభుత్వ బిళ్ళలు వచ్చాయి.

స్వతంత్ర భారతం పనికి, పనిముట్టుకు చోటిచ్చింది. 1955 జనవరి 26న విడుదలైన పంచవర్ష ప్రణాళిక వరుసలో ఆరు పైల బిళ్ళ మీద మరమగ్గం, మూడణాల బిళ్ళ మీద చేమగ్గం నేస్తున్న నాగా స్త్రీ ఉన్నారు. తర్వాతి కాలంలో మరమగ్గాలకే పేరుబడ్డ సిరిసిల్లకు ఇంతకన్నా దగ్గరి బిళ్ళ దొరకదు. ఊరి పేరు లేకపోయినా అక్కడి బతుకుదెరువు అందులో ఉంది.

వ్యక్తుల విషయంలో తెలుగువారికి అడపాదడపా చోటు దొరికింది: 1972లో వేమన, టంగుటూరి ప్రకాశం, 1974లో కందుకూరి, 1976లో గురజాడ, 1986లో అల్లూరి. తెలంగాణ వాళ్ళకు వరుస ఆలస్యంగా వచ్చింది; బూర్గుల రామకృష్ణారావు బిళ్ళ 2000లో వెలువడింది.

ఎంపికకు సలహా ఇచ్చేది కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ కింది ఫిలాటెలిక్ సలహా సంఘం. దరఖాస్తు ఎవరైనా పెట్టవచ్చు, కాని సాధారణంగా రెండేళ్ళు ముందుగా పెట్టాలి. జాతీయ, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉండాలి. సంస్థకైతే నూరేళ్ళు నిండాలి. బతికున్నవారికి బిళ్ళ వేయరు. పోయినవారికి కూడా సాధారణంగా పదేళ్ళు గడవాలి, లేదా శతజయంతి రావాలి. ఈ నియమాలకు మినహాయింపులు బాగానే ఉన్నాయి. 1958లో నూరేళ్ళు నిండిన డి.కె. కర్వే, 1960లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య, 1974లో వి.వి. గిరి, 2013లో సచిన్ టెండూల్కర్ తమ బిళ్ళ తామే చూసుకున్నారు. నెహ్రూ కన్నుమూసిన మే 27 తర్వాత మూడు వారాలు కూడా కాకముందే, 1964 జూన్ 12న, ఆయన బిళ్ళ వచ్చింది. ఢిల్లీలో తలుచుకుంటే పదేళ్ళ నిరీక్షణ అక్కర్లేదన్నమాట. ఖరారైన బొమ్మలను అచ్చువేసే ముద్రణాలయాల్లో హైదరాబాదుదీ ఒకటి.

జాతీయ ప్రాముఖ్యం నిరూపించలేని ఊళ్ళకు రెండు దారులున్నాయి. ఒకటి ప్రత్యేక కవరు: స్థానిక సంస్థ ఖర్చు భరిస్తే, తపాలా సర్కిల్ అనుమతితో ఆ ఊరి విశేషాన్ని కవరు మీద అచ్చువేసి, ఆ రోజుకు ప్రత్యేక ముద్ర కొడతారు, అంటించే బిళ్ళ మామూలుదే. రెండోది 2011లో మొదలైన మై స్టాంప్. మొదట్లో పన్నెండు బిళ్ళల షీటు ఇచ్చేవారు. ప్రభుత్వ బొమ్మ పక్కన ఖాళీలో మన ఫొటో ఉంటుంది, బతికున్నామా లేదా అన్న పేచీ లేదు.

అసలైన జాతీయ బిళ్ళ కోరదగిన పేరు సిరిసిల్ల జిల్లాలో ఉంది. హనుమాజీపేటలో పుట్టి, 1988 జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి 2017 జూన్ 12న కన్నుమూశారు. పదేళ్ళ గడువు 2027లో తీరుతుంది. 2031 జూలై 29 శతజయంతికి బిళ్ళ కావాలంటే ప్రతిపాదన 2029 నాటికి తపాలా శాఖకు చేరాలి.