ఏజెన్సీ: ఎవరి తరఫున?

రాజమండ్రి బజారులో ఏజెన్సీ అన్న మాట చాలా బోర్డుల మీద కనిపిస్తుంది. గ్యాస్ ఏజెన్సీ, ఎరువుల ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ. పేపరులో వార్తా ఏజెన్సీ, ఉద్యోగాల దగ్గర ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ. గోకవరం దాటి రంపచోడవరం దారి పడితే మాత్రం అదే మాట కొండలకూ ఊళ్లకూ మనుషులకూ పేరవుతుంది. "ఏజెన్సీ వాళ్లు" అంటే మనమే. ఒక వ్యాపారపు మాట మన నేలకు పేరెలా అయింది?

ముందు చట్టంలో దాని అర్థం చూద్దాం. 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం, మరొకరి తరఫున పని చేయడానికి నియమితుడైనవాడు ఏజెంటు. అతని వెనక ఒక యజమాని ఉంటాడు. గ్యాస్ ఏజెన్సీ కంపెనీ తరఫున సిలిండర్లు అమ్ముతుంది. మరి మన ఏజెన్సీలో ఏజెంటు ఎవరు, యజమాని ఎవరు?

1830లలో పర్లాకిమిడి, గుంసూరు ప్రాంతాల్లో తిరుగుబాట్లు వచ్చాయి. వాటి తర్వాత కంపెనీ ప్రభుత్వం 1839లో 24వ చట్టం చేసింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్లో మామూలు చట్టాలను ఆపి, పాలననూ న్యాయవిచారణనూ కలెక్టరు చేతిలో పెట్టింది. ఆ కలెక్టరుకు ఇచ్చిన హోదాయే గవర్నరుగారి ఏజెంటు. ఏజెంటు ఏలే నేల ఏజెన్సీ అయింది. అంతకుముందు నుంచీ తెలుగులో ఈ నేలకు మన్యం అన్న పేరుంది. కొత్త పేరు మాత్రం నేలను బట్టిగానీ, అక్కడ బతికే కోయలు, కొండరెడ్లను బట్టిగానీ రాలేదు. అధికారి హోదాను బట్టి వచ్చింది.

మన గోదావరి వైపు 1879లో రంప తిరుగుబాటు జరిగింది. మన్సబుదారు వసూళ్లు, కల్లు గీతపై కొత్త ఆంక్షలు, మైదానపు కోర్టుల్లో వర్తకులు తెచ్చుకున్న డిక్రీలు అందుకు కారణాలు. దాన్ని అణచివేశాక రంప ప్రాంతమూ ఏజెన్సీలో చేరింది.

అయితే ఈ పేరు కింద మనకు రక్షణ కూడా వచ్చింది. 1917 చట్టం ప్రకారం ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతి వారి భూమి బయటివారికి బదిలీ కాకూడదు. 1959 నిబంధనలను 1970లో సవరించి మరింత గట్టిపరిచారు. మనం 1/70 అని పిలిచేది ఈ సవరణనే. దాని ప్రకారం గిరిజనేతరుడు తన పేరున ఉన్న భూమిని కూడా మరో గిరిజనేతరుడికి అమ్మకూడదు. ఈ నిబంధనల్లో నేటికీ ఏజెంటు అన్న మాట ఉంది.

ఇదే మాటకు సామాజిక శాస్త్రంలో దాదాపు తలకిందులైన అర్థం ఉంది. అక్కడ ఏజెన్సీ అంటే మనిషి తన బతుకు గురించి తానే నిర్ణయించుకుని నడిచే శక్తి. తెలుగులో కర్తృత్వం అంటున్నారు. 1982లో వెలువడిన సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటిలో చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం–రంప తిరుగుబాట్లపై వ్యాసం రాశారు. ఆ వ్యాసం పరిశీలించిన కాలం 1839 నుంచి 1924 వరకు. ఏజెంటు పాలన మొదలైన ఏడాదే ఆ తిరుగుబాట్ల కథ కూడా మొదలవుతోంది. ప్రభుత్వ కాగితాలు ఫితూరీ అని రాసినదాన్ని, అన్యాయాన్ని గుర్తించిన మనుషుల నిర్ణయంగా చదవవచ్చని ఇలాంటి చరిత్ర నేర్పుతుంది.

రాజ్యాంగం మన నేలను షెడ్యూల్డ్ ప్రాంతం అంటుంది. 244వ అధికరణం, ఐదవ షెడ్యూలు దానికి ఆధారం. 1996 నాటి పెసా చట్టం మన గ్రామసభకు మాట ఇచ్చింది. భూసేకరణకు ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని చెప్పింది. మొదటి అర్థంలో మన తరఫున ఇంకొకరు మాట్లాడతారు. రెండో అర్థంలో మనమే మాట్లాడతాం. చట్టం ఆ చోటు చూపించింది గానీ, అక్కడ కూర్చోవలసింది మనమే.

సాంఘిక శాస్త్రం చెప్పే తోటి ఉపాధ్యాయులకు ఒక సూచన. ఈ మాట అర్థాలన్నీ పిల్లల చేత బోర్డు మీద రాయించండి. తర్వాత ఇంటి పనిగా ఒక్క ప్రశ్న ఇవ్వండి: మీ ఊరి గ్రామసభ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఏం తీర్మానించింది? జవాబు కోసం పిల్లలు పెద్దలను అడుగుతారు. ఆ ప్రశ్న ఇళ్లలో వినబడడం కూడా అవసరమే.