గ్రామఫోను శ్రుతి

గుంటకల్లునుండి బెజవాడకు పోవు రైలుమార్గము నంద్యాలమీదుగా పందొమ్మిదవ శతాబ్ది చివర నేర్పడినది. ఆళ్లగడ్డకు రైలు లేదు; నంద్యాలనుండి దాదాపు 40 కిలోమీటర్లు బాటవెంట పోవలసినదే. అట్టి యూళ్లు విద్యుద్దీపమునకై చిరకాలము కాచుకొనవలసివచ్చెను గాని, గ్రామఫోనునకై యట్లు కాచుకొననక్కఱ లేకపోయెను. చేతితో కీ యిచ్చినచో లోపలి యుక్కుచుట్ట బిగియును. అది విప్పుకొనుచు పళ్లెమును త్రిప్పును. అట్టి పెట్టె అటకమీద దొరకిన గృహస్థులు దుమ్ము తుడిచి హాలులో నలంకారముగ నుంచుచున్నారు. పాడించినవారును వచ్చిన ధ్వనినే పూర్వుల గానమని నమ్ముచున్నారు. చెడిన పెట్టె తప్పుసాక్ష్యము చెప్పునని మా మనవి.

ఆ సాక్ష్య మెవరిదో ముందు చూతము. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాలో గౌహర్‌జాన్ పాటను మైనముపై నెక్కించెను. ఆ మైనము జర్మనీలోని హానోవరునకు పోయి ప్లేట్లై తిరిగివచ్చెను. అచ్చటి పనివారు గుర్తించుటకై ఆమె పాట చివర తన పేరు తానే చెప్పుకొనినది. 1908లో కలకత్తాలోనే ప్లేట్ల కర్మాగార మేర్పడెను. 1928లో డండమునందు పెద్ద కర్మాగారము వెలసెను. దత్తమండలములకు రాయలసీమ యను పేరు నంద్యాల సభలో నిర్ణయమైనదియు నా 1928వ సంవత్సరముననే. ప్రపంచమంతటి ప్లేట్లకు కావలసిన లక్క యన్ననో, ప్రధానముగా మన దేశపు చెట్లమీది పురుగు పెట్టినదే.

తొలినాటి ప్లేట్లలో పాడిన స్త్రీలు పలువురు భోగముకులమువారు. మేళము గడప దాటరాదని శాసించిన యిండ్లలోనే వారి గొంతు పెట్టెనుండి వినబడెను. మేళముల నాటి దురాచారములను మేమును సమర్థింపము. కాని గాయనిని వెలివేసి, పాటను మాత్రము భద్రముగా బీరువాలో దాచుకొనిన న్యాయము మాకు నేటికిని బోధపడదు. బెంగుళూరు నాగరత్నమ్మగారి ప్లేట్లను వినువారు, ఆమె 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనమును పరిష్కరించి ప్రకటించిన సంగతియు, ప్రభుత్వము నిషేధించిన యా గ్రంథమునకు 1947లో గాని విముక్తి కలుగని సంగతియు తలచుకొందురుగాక.

ఇట్టి వారి గొంతు సరిగా వినుటకు మొట్టమొదట చూడవలసినది వేగము. ప్లేటు నిమిషమునకు 78 మారులు తిరుగవలెను. 82, 83 మారులు తిరిగెనా, శ్రుతి దాదాపొక స్వరస్థానము పైకి పోవును, నడక తొందరయగును, నిండు గొంతు పసిగొంతగును. పూర్వులందఱు మిక్కిలి హెచ్చు శ్రుతిలో పాడిరని చెప్పువారిలో కొందఱు వినినది గాయకుని గాదు, చెడిన గవర్నరును. (మైకులేని నాటకశాలలో గొంతెత్తి పాడినమాట నిజమే, అది వేఱు.) పరీక్ష సులభము. ప్లేటు క్రింద కాగితపుముక్క యొకటి కొన బయటికి వచ్చునట్లుంచి, ముల్లు పాటమీద నుండగనే గడియారము చూచుచు చుట్లు లెక్కింపవలెను. ముల్లు ఎత్తి లెక్కించిన లెక్క పనికిరాదు, ముల్లు రాపిడికి పళ్లెము కొంత నెమ్మదించును గనుక. తొలినాటి ప్లేట్లన్నియు సరిగా 78కే చేసినవి కావు. అట్టిచోట సంగీతము తెలిసినవారి చెవియే ప్రమాణము.

పాట నడుమ వేగము తగ్గినచో కీ చాలలేదేమో చూడవలెను. నిండుగా కీ యిచ్చినను తగ్గుచున్నచో చుట్టలోని గ్రీజు ఎండి గట్టిపడియుండును. ఆ డబ్బాను ఇంటిలో విప్పరాదు. బిగిసిన యుక్కుచుట్ట ఎగసి చేతులు కోయును. గవర్నరునకు చుక్క నూనె చాలును. ధ్వని గరగరలాడినచో సౌండుబాక్సులోని అభ్రకపు పొరచుట్టునున్న రబ్బరు గట్టిపడినదని గ్రహింపవలెను.

ముల్లు విషయమున మనవారి పొదుపు మహాపకారము చేసినది. ఉక్కుముల్లు ఒక ప్రక్క పాటకు మాత్రమే. ప్లేటులోని గరుకుపొడి ముల్లునరుగదీసి గాడికి సరిపడునట్లు చేయును. అరిగి అంచులేర్పడిన ముల్లును మఱియొక ప్లేటుపై పెట్టినచో గాడి గోడలను కోయును. పనిముట్టు కొన యెట్టిదో, గీత యట్టిదగునని ఆళ్లగడ్డ శిల్పుల కెవరును చెప్పనక్కఱలేదు. మన యిండ్లలో మాత్రము కాని ఖర్చు తప్పించుటకై యొకే ముల్లుతో వారములు గడిపి, నేడు ప్లేటు బూడిదరంగు తిరిగినదని చింతించుచున్నారము.

1948 తరువాత వచ్చిన వినైలు లాంగుప్లేను ఈ పెట్టెపై నొక్కమారైనను పెట్టరాదు. నూఱు గ్రాములకు మించిన బరువుతో ఉక్కుముల్లు దానిని దున్నివేయును. విద్యుత్తుతో తిరుగు పరికరములపై దాని ముల్లు సన్నము, బరువు రెండు మూడు గ్రాములు; అదే సన్నపుముల్లు 78 ప్లేటు గాడిలో నిలువక అడుగున దొరలును. అట్టి పరికరము దడదడలాడినచో రబ్బరుచక్రమును, మందగించినచో బెల్టును మార్పింపవలెను.

నంద్యాల వేసవి సంగతి వేఱు చెప్పవలయునా? లక్క వేడికి మెత్తబడును. ప్లేట్లను ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా, కిటికీ యెండకు దూరముగా నుంచవలెను. వంగినదానిని రెండు అద్దపు పలకల నడుమ నుంచి లేతయెండ తగులనిచ్చి, చల్లారువఱకు కదల్పరాదు. మురికి పోవుటకు తడిపి పిండిన బట్ట చాలును. స్పిరిటుతో తుడిచిరా, అది లక్కను కరగించును. మురికితోపాటు పాటయు బట్టకంటుకొని వచ్చును.